పనిలో పోయిన ప్రాణం ఏ లెక్కలో ఉంది?

మన సంఘాల్లో మరణవార్త చెప్పే పద్ధతి ఒకటుంది. ఫలానా సహోదరుడు ప్రభువునందు నిద్రించారు, భూస్థాపన ఫలానా వేళకు, కుటుంబ ఆదరణ కోసం ప్రార్థించండి అని ఫోన్‌లో సందేశం వస్తుంది. ఆ మాటల్లో నిరీక్షణ ఉంది, దుఃఖంలో ఉన్న ఇంటికి ధైర్యం ఉంది. చనిపోయిన మనిషికి 28 ఏళ్లే అయినా, అతడు నాలుగో అంతస్తు సెంట్రింగ్ మీద నుంచి పడి పోయినా అదే సందేశం వస్తుంది. ఎవరి పనిలో పడ్డాడు, నడుముకు తాడు ఉందా, కింద వల కట్టారా అన్నది అందులో ఉండదు. ఉండనవసరం లేదు కూడా. మా ప్రశ్న వేరు. ఆ వివరం ఇంకెక్కడైనా ఉందా? ఈ సంవత్సరం మన ప్రాంతంలో పని చేస్తూ ఇంతమంది చనిపోయారు అని ఎవరైనా ఒక్కచోట రాసి పెడుతున్నారా?

వానాకాలంలో డెంగీ వస్తే మన కాలనీకి దోమల మందు కొట్టేవాళ్లు వస్తారు. ఏ వార్డులో ఎన్ని కేసులో చూసుకుని, ఎక్కువ ఉన్నచోటికి ముందు వెళ్తారు. లెక్క ఉంది కాబట్టి మనుషులు కదులుతున్నారు. పనిలో పోయే ప్రాణాలకు అలాంటి లెక్క లేదు. ఈ మరణాలను కూడా ప్రజారోగ్య సమస్యగా చూసి, ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఎక్కడ ఎందుకు జరుగుతున్నాయో బయటపెట్టాలి. ప్రభుత్వం ఆ పని చేసేలోగా సంఘాలు మొదలుపెట్టగలిగినది కొంత ఉంది. ఈ వారం మేము చెప్పదలచుకున్నది ఇదే.

నాగోల్, ఉప్పల్, నాచారం చుట్టూ ఒకసారి చూడండి. 2017 నవంబరు 28న హైదరాబాద్ మెట్రో మొదలైంది నాగోల్, మియాపూర్ మధ్యనే. ఆ తర్వాత ఈ వైపు అపార్ట్‌మెంట్లు లేవని వీధి లేదు. ఒకచోట సెల్లార్ తవ్వుతుంటారు, పక్కనే స్లాబు వేస్తుంటారు, ఆ పక్కన లిఫ్టు గుంత నోరు తెరుచుకుని ఉంటుంది. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు వరంగల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి నడిచాయి. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పెద్ద కంపెనీలతో పాటు రేకుల షెడ్డుల్లో నడిచే చిన్న యూనిట్లు చాలా ఉన్నాయి. తెల్లవారుజామున లేబర్ అడ్డాల మీద మేస్త్రి పిలుపు కోసం నిలబడేవాళ్లు, వేడి అన్నం డబ్బా వీపున వేసుకుని బండి నడిపే కుర్రాళ్లు, డ్రైనేజీ తీసేవాళ్లు, వాచ్‌మన్లు ఇక్కడివాళ్లే. ఆదివారం ఆరాధనలో మన పక్కన కూర్చునేవాళ్లు కూడా వీళ్లే.

వీళ్లలో ఐదుగురు ఒకే సంవత్సరం చనిపోయారని ఊహించండి. అపార్ట్‌మెంట్ పరంజా మీద నుంచి పడిన కార్మికుడి కేసును పోలీసులు ప్రమాదవశాత్తు పైనుంచి పడి మృతి అని రాస్తారు. షెడ్డులో వెల్డింగ్ చేస్తూ పోయినవాడిది కరెంట్ షాక్. డెలివరీకి వెళ్తూ లారీ కింద పడిన కుర్రాడిది రోడ్డు ప్రమాదం. సెప్టిక్ ట్యాంకులో దిగినవాడిది ఊపిరాడక మరణం. మే నెల ఎండలో ఇటుకలు మోస్తూ కుప్పకూలిన వ్యక్తిది గుండెపోటు. ఐదు కాగితాల్లో ఐదు కారణాలు. ఒక్క కాగితం కూడా అబద్ధం చెప్పలేదు. కానీ ఐదుగురూ పని చేస్తూ పోయారన్న నిజం మాత్రం ఏ కాగితంలోనూ మిగల్లేదు.

కార్యాలయాలు కూడా అలాగే విడిపోయి ఉన్నాయి. ఫ్యాక్టరీలో జరిగితే ఫ్యాక్టరీల శాఖ చూడాలి. భవన నిర్మాణంలో జరిగితే కార్మిక శాఖ. చనిపోయిన వ్యక్తికి ఈఎస్ఐ ఉంటే వాళ్ల దగ్గర ఇంకో ఫైలు. పోలీసుల దగ్గర అనుమానాస్పద మరణం కింద పంచనామా. మార్చురీలో పోస్టుమార్టం నివేదిక. మున్సిపాలిటీలో మరణ ధ్రువీకరణ పత్రం. ఈ ఆరు చోట్ల ఉన్న కాగితాలను ఒక బల్ల మీద పెట్టి చదివే మనిషి లేడు.

ఇదంతా చిన్న పనుల్లో, ఎవరికీ పట్టని చోట్ల మాత్రమే జరుగుతుందని అనుకోవద్దు. నగరానికి మనం ఈ చివర ఉంటే, ఆ చివర సంగారెడ్డి జిల్లాలో పాశమైలారం ఉంది. 2025 జూన్ 30 ఉదయం అక్కడి సిగాచి ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. మందు బిళ్లల తయారీలో వాడే సెల్యులోజ్ పొడి చేసే కర్మాగారం అది. రాష్ట్రం చూసిన పారిశ్రామిక ప్రమాదాల్లో ఇంత పెద్దది లేదు. మృతుల సంఖ్య రోజురోజుకూ మారుతూ వచ్చింది. గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. వాళ్లను కూడా కలుపుకుంటే మృతులు 54 మంది. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లలో ఎక్కువ.

ఆ రోజుల్లో గేటు బయట నిలబడిన తల్లులు, భార్యలు అడిగిన మొదటి ప్రశ్న నష్టపరిహారం గురించి కాదు. లోపల మావాడు ఉన్నాడా లేడా అని. ఆ ఉదయం షిఫ్టులో ఎంతమంది ఉన్నారన్న దానిపైనే వేర్వేరు అంకెలు వినిపించాయి. గేటు దాటి లోపలికి వెళ్లిన ప్రతి మనిషి పేరూ గేటు బయట ఇంకోచోట భద్రంగా ఉండాలి. కాంట్రాక్టరు ద్వారా వచ్చినా, కంపెనీ మనిషైనా, ఆ రోజు కొత్తగా చేరినవాడైనా. బతికున్నప్పుడు లెక్కలో లేని మనిషి చనిపోయాక లెక్కలోకి రావడం ఎంత కష్టమో పాశమైలారం చూపించింది.

అయినా పాశమైలారం మనకు తెలిసింది. ఒకేసారి 54 మంది పోయారు కాబట్టి ముఖ్యమంత్రి వచ్చారు, టీవీలు వచ్చాయి, కమిటీలు వేశారు. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫార్మా ప్రమాదంలో 17 మంది పోయినప్పుడు కూడా అంతే. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో స్క్రాప్ గోదాము తగలబడి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయినప్పుడు రెండు రోజులు అందరూ మాట్లాడుకున్నారు. పదిమంది పోతే వార్త. ఒక్కొక్కరుగా పోతే పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు, కొన్నిసార్లు అవీ ఉండవు. ఒక్కొక్కరుగా పోయేవాళ్లను కూడితే ఎంతమంది అవుతారో చెప్పే పుస్తకం మాత్రం లేదు.

మరి ప్రభుత్వం దగ్గర అసలు లెక్కలే లేవా అని అడగవచ్చు. ఉన్నాయి, కానీ సగంలో ఆగిపోతాయి. కేంద్ర కార్మిక శాఖ కింద డీజీఫాస్లీ అనే సంస్థ రాష్ట్రాల నుంచి ఫ్యాక్టరీ ప్రమాదాల వివరాలు తీసుకుంటుంది. 2017 నుంచి 2020 వరకు ఆ లెక్కల సగటు చూస్తే దేశంలో రోజుకు సుమారు ముగ్గురు ఫ్యాక్టరీల్లో చనిపోయారు. అది రిజిస్టరైన ఫ్యాక్టరీల సంగతి మాత్రమే. అడ్డా కూలీ అందులో లేడు. డెలివరీ కుర్రాడు లేడు. లైసెన్సు లేని షెడ్డు లేదు. నేర గణాంక సంస్థ ఏటా వేసే ప్రమాద మరణాల నివేదికలో ఫ్యాక్టరీలు, యంత్రాల ప్రమాదాలకు ఒక వరస ఉంది. పరంజా మీద నుంచి పడినవాడు, కరెంటు తగిలినవాడు, రోడ్డు మీద పోయినవాడు మాత్రం వేరే వరసల్లోకి వెళ్లి, ఇంట్లో మెట్ల మీద జారిపడినవాళ్లతో, సెలవుల్లో ప్రయాణిస్తూ పోయినవాళ్లతో కలిసిపోతారు.

ఈ జల్లెడ రంధ్రాలు ఇంకా పెద్దవయ్యాయి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వాటిలో భద్రత, ఆరోగ్యం గురించిన స్మృతి ప్రకారం కరెంటుతో నడిచే చోట 20 మంది కార్మికులు ఉంటేనే ఫ్యాక్టరీ అవుతుంది. కరెంటు లేని చోట 40 మంది ఉండాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఆ సంఖ్యలు 10, 20. కొత్త స్మృతిలో మంచి లేదని మేము అనడం లేదు. ఉద్యోగులకు నియామక పత్రం ఇవ్వాలన్నది మేలు చేసే మాటే. వసూలు చేసిన జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. కానీ నాచారం, మల్లాపూర్ గల్లీల్లో పన్నెండు, పదిహేను మందితో ప్రెస్ మిషన్లు నడిపే షెడ్డు ఇక ఫ్యాక్టరీ కాదు. వేలు తెగినా, ప్రాణం పోయినా ఫ్యాక్టరీల లెక్కలో కనబడదు. కాగితం మీద ప్రమాదాలు తగ్గినట్టు కనిపిస్తే, అవి నిజంగా తగ్గాయా, లేక లెక్కపెట్టే చోట్లు తగ్గాయా అని మనం అడగాలి.

ప్రజారోగ్య సమస్యగా చూడడమంటే ఏమిటి? మన కళ్లముందే ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పుడు కాన్పులో తల్లి చనిపోతే దాన్ని ఆ ఇంటి దురదృష్టంగా చూసేవాళ్లు. తర్వాత ప్రభుత్వం ప్రతి మాతృమరణాన్నీ విడిగా రాయించి, ఎందుకు జరిగిందో సమీక్షించడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో మరణ కారణం రాసే ఫారంలోనే చనిపోయింది స్త్రీ అయితే ఆ మరణానికి గర్భంతో సంబంధం ఉందా అన్న ప్రశ్న చేర్చారు. అంబులెన్సు ఆలస్యమైందా, రక్తం దొరకలేదా, రక్తహీనత ముందే తెలియలేదా అని అడిగారు. 2011–13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష ప్రసవాలకు 92గా ఉన్న మాతృమరణాలు 2018–20 నాటికి తెలంగాణలో 43కి తగ్గాయి. లెక్క ఒక్కటే తగ్గించిందని కాదు. ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, 108 వచ్చింది, ఆశా కార్యకర్తలు తిరిగారు. కానీ ఏం చేయాలో, ఎక్కడ చేయాలో చెప్పింది లెక్కే.

అదే ఫారంలో గాయం వల్ల చనిపోతే ఆ గాయం ఎలా తగిలిందో రాయడానికి చోటుంది. గాయం పని చేస్తుండగా తగిలిందా అని సూటిగా అడిగే గడి లేదు. అమెరికాలో మరణ పత్రంలోనే ఆ ప్రశ్న ఉంటుంది. అక్కడి కార్మిక గణాంకాల సంస్థ 1992 నుంచి పనిలో గాయపడి మరణించిన ప్రతి మనిషినీ విడిగా లెక్కిస్తోంది. ఒక్క శాఖ మాట మీద ఆధారపడకుండా మరణ పత్రాలు, పరిహారం ఫైళ్లు, పోలీసు నివేదికలు, పత్రికల వార్తలు అన్నీ సరిపోల్చుతారు. రోడ్డు మీద పోయిన డ్రైవరూ, సొంతంగా పని చేసుకునేవాడూ ఆ లెక్కలో ఉంటారు. 2023లో వాళ్ల సంఖ్య 5,283. ఆ అంకె తక్కువేమీ కాదు, గొప్పగా చెప్పుకునేదీ కాదు. కానీ వాళ్లలో ఎంతమంది పైకప్పుల నుంచి పడ్డారు, ఎంతమంది రోడ్డు మీద పోయారు, ఏ పనిలో ఎక్కువమంది పోతున్నారు అన్నది ఎవరైనా చూసి అడగవచ్చు. ప్రపంచం మొత్తం మీద పని ప్రమాదాల వల్ల, పని వల్ల వచ్చే జబ్బుల వల్ల ఏటా సుమారు 29 లక్షల మంది చనిపోతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. అందులో ప్రమాదాల్లో పోయేవాళ్లు సుమారు 3 లక్షల 30 వేలు. మిగిలినవాళ్లు దుమ్ము, రసాయనాలు, అధిక పనిగంటలు లాంటివాటి వల్ల నెమ్మదిగా పోతున్నవాళ్లు.

లెక్కపెట్టడం వల్ల బతికున్నవాళ్లకు ఏం ఒరుగుతుంది అంటే, మన తెలుగువాళ్ల నుంచే ఒక జవాబు ఉంది. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ మరికొందరితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపించారు. మ్యాన్‌హోల్‌లో, సెప్టిక్ ట్యాంకుల్లో పోయిన మనుషుల పేర్లు ఊరూరా సేకరించారు. అధికారులు మా దగ్గర అలాంటి మరణాలు లేవని చెబుతుంటే, వీళ్లు కోర్టు ముందు వివరాలు పెట్టారు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి ఒక్కరినీ గుర్తించి కుటుంబానికి రూ. 10 లక్షలు ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని రూ. 30 లక్షలకు పెంచింది. పేర్లు రాసిపెట్టకపోతే కోర్టు ఎవరిని గుర్తించమని చెప్పేది?

ఇది మన పక్కనే ఉన్న బాధ కూడా. 2021 ఆగస్టులో వనస్థలిపురం దగ్గరి సాహెబ్‌నగర్‌లో రాత్రివేళ మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలతో పైకి రాలేదు. నాగోల్ నుంచి అది ఎంతో దూరం కాదు.

అయితే మరణాలు లెక్కకు రాకపోవడానికి కారణం ప్రభుత్వ ఫారాలు ఒక్కటే కాదు. మార్చురీ బయట జరిగే సంగతులు మనలో చాలామందికి తెలుసు. చెట్టు కింద పెద్దమనుషులు కూర్చుంటారు. పోయినవాడు తిరిగి రాడు, కేసులు పెట్టుకుంటే ఏళ్లు పడుతుంది, ఇంత తీసుకుని సంతకం పెట్టండి అంటారు. భూస్థాపన ఖర్చులకు కూడా చేతిలో డబ్బు లేని ఇల్లు, ఇంకో రాష్ట్రానికి దేహాన్ని తీసుకుపోవాల్సిన ఇల్లు ఏం చేస్తుంది? సంతకం పెడుతుంది. తోటి కార్మికులు నోరు విప్పితే రేపటి నుంచి పని ఉండదు. ఆ సంతకంతో కుటుంబం హక్కు పోతుంది, ఆ మరణం ఎలా జరిగిందన్న సంగతీ పోతుంది. అదే స్లాబు మీద మర్నాడు ఇంకొకడు అదే చోట నిలబడతాడు.

ఆ చెట్టు కింద తరచూ వినబడే మాట ఇంకొకటుంది. తప్పు వాడిదే, చూసుకోలేదు, రాత్రి తాగాడు, వాడి రాత అంతే. సంఘాల్లో దీన్నే కొంచెం మెత్తగా దేవుని చిత్తం అంటాం. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయములో గోపురం కూలిన సంగతి గుర్తు చేసుకుందాం. చచ్చినవాళ్లు కూలీలో, బాటసారులో సువార్త చెప్పదు. కానీ ఎంతమందో ప్రభువు చెప్పాడు. 18 మంది. వాళ్లు యెరూషలేములోని మిగతావాళ్లకంటే ఎక్కువ అపరాధులా అని ఆయన అడిగి, కాదని తానే చెప్పాడు. చనిపోయినవాడి మీద తప్పు మోపడానికి ఆయన ఒప్పుకోలేదు. బతికున్నవాళ్లు మారాలన్నాడు.

దేవుని చిత్తం అనేముందు దేవుని ధర్మశాస్త్రం ఏమంటోందో చూడాలి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుంది కాబట్టి. దాని ముందు అధ్యాయంలో ఇంకో ఏర్పాటు ఉంది. పొలంలో ఒక మనిషి హతుడై కనబడి, చంపినదెవరో తెలియకపోతే, పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి ఆ దేహం నుంచి చుట్టూ ఉన్న ఊళ్లకు దూరం కొలవాలి. దగ్గరున్న ఊరి పెద్దలు ఆ మరణానికి జవాబుదారులుగా నిలబడాలి. ఇది పని ప్రమాదాల గురించి చెప్పినది కాదని మాకు తెలుసు. అయినా అక్కడ ఉన్న నియమం గట్టిది. పేరు తెలియని మనిషైనా సరే, ఒక ప్రాణం పోతే మాకు సంబంధం లేదని ఏ ఊరూ అనకూడదు. ముందు కొలవాలి. ఎవరికి దగ్గరో తేల్చాలి.

కాబట్టి ప్రభుత్వం నుంచి మనం అడగవలసినవి మూడున్నాయి. మొదటిది, ఆసుపత్రి మరణ కారణ ఫారంలోనూ, పోలీసు పంచనామాలోనూ గాయం పనిలో తగిలిందా, ఎవరి పనిలో అన్న గడి చేర్చడం. దీనికి పెద్ద ఖర్చు లేదు. రెండోది, ఆ మరణాన్ని మండలంలోనే నిర్ధారించడం. ఎండదెబ్బ మరణాలకు తహసీల్దారు, పోలీసు అధికారి, వైద్యాధికారి కలిసి కారణం తేల్చే పద్ధతి మన రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. 2025 ఏప్రిల్‌లో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి పరిహారాన్ని రూ. 4 లక్షలకు పెంచారు కూడా. ఎండకు చేయగలిగినది పరంజాకు, లిఫ్టు గుంతకు, కరెంటు తీగకు చేయలేరా? మూడోది, ఏటా జిల్లాల వారీగా ఆ లెక్కను ప్రజల ముందు పెట్టడం. ఫ్యాక్టరీ, భవనం, రోడ్డు, మురుగు కాల్వ అన్న తేడా లేకుండా. పేర్లు అవసరం లేదు. పని, చోటు, వయసు, కారణం ఉంటే చాలు.

యజమానులను వేధించడానికి ఇది ఇంకో ఆయుధం అవుతుందని కొందరు భయపడతారు. మన సంఘాల్లో మేస్త్రీలున్నారు, బిల్డర్లున్నారు, చిన్న షెడ్డు నడుపుకునేవాళ్లున్నారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. కానీ మాతృమరణాల సమీక్ష డాక్టర్లను జైలుకు పంపడానికి పెట్టింది కాదు. ఎందుకు జరిగిందో తెలుసుకుని ఇంకో తల్లిని కాపాడడానికి పెట్టింది. నేరం చేసినవాడి సంగతి పోలీసులు, కోర్టులు చూస్తాయి. లెక్క పని లెక్కది. నిజాయతీగా వల కట్టించి, బెల్టు ఇచ్చి పని చేయించే బిల్డరుకు ఈ లెక్క వల్ల నష్టం లేదు. ఏమీ కట్టకుండా తక్కువకు పని చేయించి అతని పొట్ట కొట్టేవాడు ఎవరో అప్పుడే బయటపడుతుంది.

ఇక సంఘం చేయగలిగిన పని. మనం మరచిపోయిన ఒక చరిత్ర ఇక్కడ చెప్పుకోవాలి. లండన్ నగరంలో ఒకప్పుడు ప్రతి పారిష్‌లో జరిగిన భూస్థాపనలను గుమస్తాలు రాసి, ఎవరు దేనివల్ల పోయారో వారం వారం అచ్చువేసి ప్రకటించేవారు. జాన్ గ్రాంట్ అనే వ్యాపారి ఆ పట్టీలన్నీ కూర్చి చదివి 1662లో ఒక పుస్తకం వేశాడు. మరణాలను లెక్కపెట్టి జబ్బుల నడక తెలుసుకునే శాస్త్రానికి అదే మొదలని చెబుతారు. అంటే ప్రజారోగ్య గణాంకాల తొలి కాగితాలు సమాధుల తోట దగ్గర ఉండే రిజిస్టర్లే. ఆ రిజిస్టరు ఇప్పటికీ మన సంఘాల బీరువాల్లో ఉంది. పేరు, వయసు, తండ్రి లేక భర్త పేరు, తేదీ రాస్తున్నాం. ఇంకో గడి గీయడానికి ఒక స్కేలు, ఒక పెన్ను చాలు. మరణం పని చేస్తుండగా, పనికి వెళ్తుండగా, లేక పని వల్ల జరిగిందా? జరిగితే ఏ పని, ఎక్కడ? పెద్ద సంఘాలైనా, ఇంటి కూడికలుగా నడిచే చిన్న సంఘాలైనా ఇది రాసి, ఏడాది చివర ఒకచోట కూర్చుని కలిపి చూడవచ్చు. ఆ కాగితం శాసనసభ్యుడికీ, కార్మిక శాఖ కార్యాలయానికీ చూపించవచ్చు.

రెండోది, ఆదరణకు వెళ్లినప్పుడు కాగితాల సంగతి అడగాలి. ప్రార్థన ముగిశాక సంఘ పెద్దలో, స్త్రీల సమాజం నాయకురాలో మెల్లగా అడగవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు తీసుకున్నారా? పంచనామాలో పని చేస్తున్న చోటు పేరు రాశారా? పోస్టుమార్టం నివేదిక ఉందా? ఈఎస్ఐ కార్డు ఉందా? పనిలో గాయం వల్ల చనిపోతే ఈఎస్ఐ ఉన్న కార్మికుడి కుటుంబానికి అతని సగటు వేతనంలో 90 శాతం చొప్పున ఆశ్రితుల భృతి ప్రతి నెలా వస్తుంది. ఈఎస్ఐ లేకపోతే యజమాని పరిహారం ఇవ్వాలి. 2025 నవంబరులో కార్మిక స్మృతులు వచ్చేవరకు అమలులో ఉన్న 1923 నాటి పరిహార చట్టపు లెక్క చూడండి. నెలకు రూ. 15,000 పరిమితి మీద, 30 ఏళ్ల కార్మికుడికి సగం వేతనం రూ. 7,500ను 207.98తో గుణించేవారు. రూ. 15,59,850 వచ్చేది. మార్చురీ బయట చెట్టు కింద చెప్పే అంకెతో దీన్ని పోల్చి చూడమనండి. భవన నిర్మాణ కార్మికుడిగా సంక్షేమ బోర్డులో నమోదై ఉంటే అక్కడి సహాయం వేరు. వీటికి గడువులున్నాయి. నలభయ్యో రోజు కూడిక వరకు ఆగకుండా మొదటి వారంలోనే అడగడం మంచిది.

మూడోది బతికున్నవాళ్ల సంగతి. 18 నుంచి 60 ఏళ్ల వయసులో, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లెవరైనా సంక్షేమ బోర్డులో చేరవచ్చు. ఒక ఆదివారం ఆరాధన తర్వాత యౌవనస్థులు రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటే మన సంఘంలోని కార్మికుల పేర్లు నమోదు చేయించవచ్చు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి మన వీధిలో పని చేస్తున్నవాళ్లను కూడా పిలవాలి. వాళ్లు మన ఆరాధనకు రాకపోయినా సరే.

నాలుగోది మన సొంత ఇంటి సంగతి. సంఘం కూడా పని చేయించే యజమానే. మందిరానికి స్లాబు వేయిస్తాం, గోపురానికి రంగు వేయిస్తాం, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టడానికి కుర్రవాణ్ని పైకి ఎక్కిస్తాం, మహాసభలకు పందిరి వేయించి దాని మీదుగా కరెంటు తీగలు లాగిస్తాం. తక్కువ కొటేషన్ ఇచ్చిన కాంట్రాక్టరుకు పని ఇచ్చి దేవుని సొమ్ము ఆదా చేశామనుకుంటాం. ఆ ఆదా హెల్మెట్లోంచి వచ్చిందా, బెల్టులోంచి వచ్చిందా అని నిర్మాణ కమిటీ అడగాలి. పిట్టగోడ ఆజ్ఞ మందిరానికి వర్తించదని ఎక్కడా లేదు.

వచ్చే కొత్త సంవత్సరానికి రిజిస్టరు పుస్తకం కొనేటప్పుడు ఆ గడి గీసి మొదలుపెట్టండి. మీ సంఘంలో ఆ గడి ఏడాదంతా ఖాళీగా ఉంటే దేవునికి స్తోత్రం చెల్లించండి. ఖాళీగా లేకపోతే ఆ వివరాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. పక్క సంఘం దగ్గర ఏముందో అడిగి తెలుసుకోండి. నాగోల్‌లో ఒకటి, రామంతాపూర్‌లో ఒకటి, మల్లాపూర్‌లో రెండు అని కూడుకుంటూ పోతే, ఇవి ఎవరి రాతా కాదని, ఆపగలిగిన మరణాలేనని మొదట తెలిసేది మనకే. తెలిశాక ఊరుకోవడం కష్టమవుతుంది. ఆ కష్టం మనకు కావాలి.